చల్ల కదలకుండా

బెర్మెయో రేవులో వాన పట్టుకుంటే
వారం దాకా వదలదు.
అలాంటి వారంలోనే, వృద్ధుల ఇంట్లో,
ఒక పెద్దాయన్ని మంచం మీదికి లాగబోయి
నడుం పోగొట్టుకున్నాను.
లోపలెవరో తడిగుడ్డ పిండినట్టయింది.
డాక్టరు మాత్రలిచ్చాడు.
వంటింట్లో గరాసి మాత్రం గరిటె తిప్పుతూ
"బిత్తోర్ దగ్గరికి పో" అంది.

బిత్తోర్ ఒకప్పుడు పందేల్లో రాళ్లెత్తినవాడు.
నూటయాభై కిలోల గుండు
ముందు తొడల మీదికి, తర్వాత పొట్ట మీదికి,
రొమ్ముకి, భుజానికి.
ఇప్పుడతని కొట్టంలో పద్నాలుగు గొర్రెలు,
గోడవారన నాలుగు గుండ్లు.
నా చూపు అటు పోయింది.
"వాటికింకా నీతో పని లేదు" అన్నాడు.

గోనెపట్టా మీద వెల్లకిలా పడుకోబెట్టాడు.
"ఊపిరి పీల్చు. ఎక్కడికెళ్లింది?"
రొమ్ములోకి, అన్నాను.
"అది మేడ. కింద ఇల్లంతా ఖాళీగా ఉంది."
పక్కటెముకల కింద నా వేళ్లే నాచేత పెట్టించి
పక్కలు నిండేదాకా, వీపు నిండేదాకా,
గొర్రెలు విసుక్కునేదాకా పీల్పించాడు.

తర్వాత చీపురుకర్ర.
తలకి, వీపుకి, తోకెముకకి
మూడు చోట్లా అది తగులుతుండగానే వంగాలి.
వంగేది నడుములో కాదట, తుంటిలోనట,
చేతినిండా బట్టలున్న మనిషి
పిర్రతో తలుపు నెట్టినట్టు.
అప్పుడు తెలిసింది,
బందుల దగ్గర తిరగాల్సిన తలుపుని
నలభై మూడేళ్లుగా
పలక మధ్యలో విరుస్తున్నానని.

ఆ తర్వాత గిన్నె.
చేతులూ మోకాళ్లూ నేలకానించి నేను,
నా నడుం మీద గొర్రెపాలు, అంచుదాకా.
"కుడి చెయ్యి ముందుకి, ఎడమ కాలు వెనక్కి.
పాలకి తెలియకూడదు."
పాలకి తెలిసిపోయింది.
గోరువెచ్చగా పక్కల్లోంచి జారి
గడ్డం కొసన బొట్టుబొట్టుగా.
పిల్లికి మాత్రం ఆ నెలంతా పండగ.

నడుం బిగించమంటే కొయ్యనైపోయేదాన్ని.
"బిగించడం వేరు, బిగుసుకోవడం వేరు.
రేవులో పడవల తాళ్లు చూడలేదూ?
అలకి కాస్త లొంగుతాయి. వదలవు."

ఏడో వారం ఒక మంగళవారం
గిన్నె తొణకలేదు.
బిత్తోర్ దాన్ని తీసి గటగటా తాగేశాడు.
మెచ్చుకోలు అంతే.

పనిలో చేరిన నాలుగో రాత్రి
స్నానాలగదిలో యోషేపా జారిపడింది.
తొంభై ఒక్కేళ్లు. దెబ్బేం తగల్లేదు,
కోపం తప్ప.
మోకాలి మీద కూర్చున్నాను.
కిందిల్లు నిండేదాకా ఊపిరి పీల్చాను.
ఆవిడ చంకల కింద చేతులు పెట్టేసరికి
చెవిలో గరుకుగా:
"పాదం ఇంకాస్త ఎడంగా పెట్టు, పిల్లా.
నీ ఒంటికి దగ్గరగా లాక్కో నన్ను.
ముద్దు పెట్టుకోనులే."

లేచాం, ఇద్దరం.
తువ్వాలు కప్పుతూ అడిగాను,
నీకెవరు నేర్పారని.
"ఎవరు నేర్పుతారు?
నెత్తిమీద సార్డీన్ల బుట్ట, ఎగువ ఊళ్ల దాకా నడక.
ఒళ్లు ఊగిందా, చేపనీళ్లు మెడలోకి.
జనవరిలో ఆ చలి తెలుసా నీకు?"

కడుపులో చల్ల కదలకుండా ఉండటమంటే
కూర్చుని తినడం అనుకునేదాన్ని.
కొండదారి ఎక్కుతూ, చేపల ధర అరుస్తూ,
వానలో, కడుపుతో ఉండి కూడా
కదలనివ్వలేదు ఈవిడ.

మర్నాడు బిత్తోర్‌కి చెప్పాను.
గొర్రె గిట్ట చెక్కుతున్నవాడు తల ఎత్తలేదు.
"మా అమ్మదీ అదే బుట్ట" అన్నాడు.
చాలాసేపు గిట్ట చెక్కాడు.
"పందేనికి వాళ్లనెవరూ పిలవలేదు."

తర్వాత కాలితో
అన్నిటికన్నా చిన్న గుండుని
నా వైపు దొర్లించాడు.